కంప్యూటర్ నిద్ర లేచినా మౌస్ లేవదేం?

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర మొదలై విండ్సర్ ప్లేస్, పటేల్ చౌక్ మీదుగా గోల్ డాక్ ఖానా వరకు సాగే అశోకా రోడ్ పేరు చెప్పగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది ఆంధ్రా భవన్ భోజనం. ఎన్నికల సంఘం ఉండే నిర్వాచన్ సదన్, టెలికాం శాఖ ఉండే సంచార్ భవన్ కూడా ఆ రోడ్డు మీదే ఉన్నాయి. అంటే అది భోజనాల వీధే కాదు, దఫ్తర్ల వీధి కూడా. అక్కడి ఏదో ఒక కార్యాలయంలో మధ్యాహ్నం ఒక ఉద్యోగి భోజనానికి లేచి వెళ్లారనుకుందాం. కాసేపటికి ఆయన కంప్యూటర్ తనంతట తానే నిద్రలోకి జారుకుంటుంది. పప్పు, గోంగూర, పెరుగన్నం ముగించి వచ్చి కీబోర్డు మీద ఒక మీట నొక్కగానే తెర వెలుగుతుంది. మధ్యలో వదిలిన ఫైలు వదిలిన చోటే ఉంటుంది. కానీ మౌస్ కదలదు. ఒకవేళ మౌస్ కదిలినా, ఫైలు మీద సంతకం పెట్టబోతే డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ కనబడడం లేదని సందేశం వస్తుంది. వేలిముద్ర యంత్రంలో దీపం వెలుగుతూనే ఉన్నా సాఫ్ట్‌వేర్ మాత్రం పరికరం సిద్ధంగా లేదంటుంది. విసుగొచ్చి దాన్ని ఊడదీసి మళ్లీ గుచ్చితే అంతా సవ్యంగా పనిచేస్తుంది.

ఇది ఫలానా కార్యాలయంలోనే జరుగుతుందని కాదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మీసేవ కేంద్రాల్లో ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం ఒకే కంప్యూటర్‌కు వేలాడుతుంటాయి. 2014 నుంచి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఆధార్ ఆధారిత బయోమెట్రిక్ హాజరు వచ్చింది. ఇళ్లలో వెబ్‌క్యామ్‌లు, హెడ్‌ఫోన్లు, బయటి హార్డ్ డిస్కులు సరేసరి. కంప్యూటర్‌కు తగిలించి వాడే ఇలాంటి అనుబంధ పరికరాలన్నిటికీ ఈ జబ్బు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చికిత్స అందరికీ తెలుసు: ఊడదీసి గుచ్చడం. ఆ చికిత్స ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే జబ్బు ఏమిటో తెలిసినట్టే.

నిద్రలో ఏం మెలకువగా ఉంటుంది?

కంప్యూటర్ నిద్రలో రకాలున్నాయి. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. ఏ స్థాయి నిద్రలో ఏ భాగానికి కరెంటు ఉండాలో, ఏ భాగానికి ఆపవచ్చో అది చెబుతుంది. అందులో ఎస్3 అనే స్థాయే మనం మామూలుగా స్లీప్ లేదా సస్పెండ్ అనేది. ప్రాసెసర్ ఆగిపోతుంది, డిస్కు ఆగిపోతుంది, ర్యామ్‌కు మాత్రం కొద్దిపాటి కరెంటు అందుతూ ఉంటుంది. చేస్తున్న పని అంతా ఆ ర్యామ్‌లోనే భద్రంగా ఉంటుంది కాబట్టి లేవగానే వదిలిన చోటు నుంచి సాగుతుంది. ఎస్4 అంటే హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసుకుని, ఆ తర్వాత పూర్తిగా కరెంటు తీసేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అసలు ఎస్3 లేదు. మొబైల్ ఫోన్‌లాగా సగం మెలకువలోనే ఉంటూ, ఏ భాగాన్ని ఎప్పుడు పడుకోబెట్టాలో ఆపరేటింగ్ సిస్టమే చూసుకుంటుంది.

ర్యామ్ సంగతి ఇలా తేలింది. మరి తీగ చివర ఉన్న పరికరం మాటేమిటి? దానికీ సొంత చిప్ ఉంటుంది, సొంత జ్ఞాపకం ఉంటుంది. ఆ జ్ఞాపకానికి ఎవరు పూచీ?

పరిచయం ఎలా జరుగుతుంది?

యూఎస్‌బీ మొదటి ప్రమాణం కూడా 1996లోనే, జనవరిలో వచ్చింది. వడోదరలో ఇంజనీరింగ్ చదివి ఇంటెల్‌లో చేరిన అజయ్ భట్ ఆ రూపకల్పనలో ముఖ్యుడు. అంతకుముందు కీబోర్డుకు ఒక పోర్టు, ప్రింటర్‌కు ఇంకో పోర్టు, మోడెమ్‌కు మరొకటి ఉండేవి. ఏ రంధ్రంలో ఏది ఉందో ముందే తెలుసు కాబట్టి పరిచయాల అవసరం తక్కువ. యూఎస్‌బీలో అన్నిటికీ ఒకే రకం రంధ్రం. అందులో మౌస్ ఉందో, కెమెరా ఉందో, బల్ల మీది చిన్న ఫ్యాన్ ఉందో కంప్యూటర్‌కు తెలియదు. అడిగి తెలుసుకోవాల్సిందే.

పరికరాన్ని గుచ్చగానే జరిగేది అదే. ముందు కంప్యూటర్ ఆ పోర్టును రీసెట్ చేస్తుంది. అప్పుడు కొత్త పరికరం సున్నా చిరునామాలో ఉంటుంది. కంప్యూటర్ దానికి 1 నుంచి 127 లోపు ఒక చిరునామా ఇస్తుంది. తర్వాత దాని వివరాలు అడుగుతుంది: నిన్ను తయారుచేసింది ఎవరు, నీ రకం ఏమిటి, నీకో సీరియల్ నంబరుందా, ఎంత కరెంటు కావాలి? జవాబులను బట్టి తగిన డ్రైవర్‌ను పిలిచి పని అప్పగిస్తుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. పరిచయం పూర్తయ్యాక రెండు వైపులా ఒక జ్ఞాపకం మిగులుతుంది. ఐదో నంబరులో ఉన్నది వేలిముద్ర యంత్రమని కంప్యూటర్ ర్యామ్‌లో ఉంటుంది. నా నంబరు ఐదు అని పరికరంలోని చిప్‌లో ఉంటుంది.

నిద్రలో చిక్కంతా ఇక్కడే. కంప్యూటర్ వైపు జ్ఞాపకం ర్యామ్‌లో పదిలంగా ఉంది. పరికరం వైపు జ్ఞాపకం ఉందా, పోయిందా?

ఉండాలనే ప్రమాణం చెబుతుంది. మెలకువగా ఉన్నప్పుడు కంప్యూటర్ యూఎస్‌బీ తీగ మీద క్షణానికి కొన్ని వందల, వేల సార్లు చిన్న సంకేతం పంపుతూనే ఉంటుంది. ఆ సంకేతాలు ఆగిపోయి తీగ మీద 3 మిల్లీసెకన్ల పాటు నిశ్శబ్దం ఉంటే, ఇది నిద్రపోయే వేళ అని పరికరం తనంతట తాను గ్రహించాలి. అక్కడి నుంచి అది తాగే కరెంటు 2.5 మిల్లీఆంపియర్లు మించకూడదు. మామూలు వేళల్లో యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల వరకు ఇస్తుంది కాబట్టి ఇది రెండొందల్లో ఒక వంతు. దీపం పూర్తిగా ఆర్పకుండా వత్తి తగ్గించి పెట్టడం లాంటిది. చిరునామా గుర్తుంచుకోవడానికి ఆ కాస్త చాలు. లేవాల్సిన వేళ కంప్యూటర్ కనీసం 20 మిల్లీసెకన్ల పాటు మేల్కొలుపు సంకేతం పంపి, మరో 10 మిల్లీసెకన్లు ఆగి, పాత నంబరుతోనే పిలుస్తుంది. పరికరం పలుకుతుంది. వాడేవారికి ఏమీ తెలియదు.

కరెంటు తెగితే

అన్ని కంప్యూటర్లూ నిద్రలో ఆ 2.5 మిల్లీఆంపియర్లు ఇవ్వవు. హైబర్నేట్‌లో చాలా యంత్రాలు పోర్టులకు కరెంటు పూర్తిగా తీసేస్తాయి. స్లీప్‌లో కూడా మదర్‌బోర్డును బట్టి కొన్ని పోర్టులకు అందుతుంది, కొన్నిటికి అందదు. పాత మదర్‌బోర్డుల మీద దీనికోసం జంపర్ అనే చిన్న బిళ్ల ఉండేది. ఇప్పుడు అది బయోస్ సెట్టింగుల్లోకి చేరింది. ఒకే పోర్టుకు హబ్ తగిలించి దానికి నాలుగు పరికరాలు వేలాడదీసే చోట, ఆ హబ్ సొంత అడాప్టర్ లేనిదైతే పరిస్థితి ఇంకా పలచన.

కరెంటు ఒక్కసారి తెగిందంటే పరికరంలోని జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ వచ్చినా అది కొత్తగా పుట్టినట్టే, సున్నా చిరునామాలో ఉంటుంది. కంప్యూటర్ ఐదో నంబరును పిలుస్తుంది. ఐదో నంబరు అక్కడ లేదు. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం ఇలాంటప్పుడు కంప్యూటర్ ఆ పరికరాన్ని ఎవరో ఊడదీసినట్టే భావించాలి. అంటే పాత పరిచయాన్ని రద్దు చేసి కొత్తగా మొదలుపెట్టాలి. మౌస్‌కు ఇది ఇబ్బందే కాదు. అరక్షణంలో కొత్త పరిచయం అయిపోతుంది. బయటి హార్డ్ డిస్కులో ఫైళ్లు తెరిచి ఉంచి నిద్రపుచ్చితే మాత్రం, లేచేసరికి ఆ డిస్కు మాయమై అదే డిస్కు ఇంకో పేరుతో వచ్చి కూర్చుంటుంది. తెరిచిన ఫైళ్లు అడ్డంగా తెగిపోతాయి.

ఈ బాధ లినక్స్‌లో బాగా కనిపించింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు రోలాండ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఆలన్ స్టెర్న్ దీనికి 2006లో ఒక ఉపాయం రాశారు. కంప్యూటర్ లేచాక పరికరం ఊడిపోయినట్టు కనిపిస్తే వెంటనే నమ్మేయకుండా, ఆ పోర్టును రీసెట్ చేసి, అక్కడున్నది ఎవరో అడగాలి. తయారీదారు నంబరు, రకం నంబరు, సీరియల్ నంబరు పాతవాటితో సరిపోతే అది పాత మిత్రుడే అనుకుని పాత పరిచయాన్నే కొనసాగించాలి. ఇప్పుడు లినక్స్‌లో ఇది మామూలుగా పనిచేస్తున్న ఏర్పాటే.

అయితే ఆయన తన వివరణ పత్రంలోనే ఇది ప్రమాదకరం కావచ్చని పెద్ద అక్షరాల్లో హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఊరికే పెట్టింది కాదు. కంప్యూటర్ నిద్రలో ఉండగా మెమరీ కార్డు రీడర్‌లోంచి ఒక కార్డు తీసి అలాంటిదే ఇంకోటి పెట్టారనుకుందాం. రీడర్ మారలేదు, దాని నంబర్లూ మారలేదు. కంప్యూటర్ లేచి, పాత కార్డు పట్టికను మనసులో పెట్టుకుని కొత్త కార్డు మీద రాయడం మొదలుపెడుతుంది. కొత్త కార్డులో ఉన్నవి పాడైపోతాయి. లేదా పెన్ డ్రైవ్‌ను తీసి పక్క కంప్యూటర్‌లో ఫైళ్లు మార్చి తిరిగి పెట్టారనుకుందాం. సీరియల్ నంబరు అదే. లోపలి సరుకు అదే కాదు. దాన్ని పసిగట్టే దారి కంప్యూటర్‌కు లేదు.

కాబట్టి పరికరాన్ని ఎలాగైనా కలిపేయడం ఇంజనీర్ల లక్ష్యం కాదు. ఇది నిజంగా అదేనా అన్న ప్రశ్నకు ఎంత నమ్మకంగా జవాబు చెప్పగలమన్నదే వారి ముందున్న పని. మౌస్ విషయంలో పొరపాటు పడితే పోయేదేమీ లేదు. డిస్కు విషయంలో పడితే ఏళ్ల నాటి ఫోటోలు పోవచ్చు.

మొండి ఘటాలు

పైన చెప్పినదంతా పరికరాలు ప్రమాణాన్ని బుద్ధిగా పాటిస్తే. చవక పరికరాలు, ఒక్కోసారి ఖరీదైనవి కూడా, పాటించవు. కొన్నిటికి 20 మిల్లీసెకన్ల మేల్కొలుపు చాలదు. బద్ధకంగా కళ్లు నులుముకుంటూ ఉండగానే పిలుపు వచ్చి వెళ్లిపోతుంది. ప్రమాణం 20కి తక్కువ కాకూడదంది తప్ప ఎక్కువ ఎంతో చెప్పలేదు కాబట్టి, లినక్స్ దాన్ని 40 మిల్లీసెకన్లకు పెంచుకుంది. మరికొన్ని పరికరాలు నిద్ర నుంచి లేచాక పిలిస్తే పలుకుతాయి గానీ పని చేయవు. కొన్ని వెబ్‌క్యామ్‌లు అలాగే లేస్తాయి: కెమెరా ఉందంటుంది, బొమ్మ రాదు. అలాంటివాటికి మేల్కొలుపు చాలదు, రీసెట్ చేయాల్సిందే. ఏ పరికరానికి ఏ చికిత్సో రాసిపెట్టుకున్న పట్టిక ఒకటి లినక్స్ కెర్నెల్‌లో ఉంది. ఏళ్ల తరబడి ప్రపంచం నలుమూలల నుంచి వాడుకరులు పంపిన ఫిర్యాదులతో అది పెరుగుతూ వచ్చింది. చూడడానికి ఆసుపత్రి కేసు షీట్లలాగే ఉంటుంది.

బ్లూటూత్, వైఫై చిప్‌లది ఇంకో చిక్కు. ల్యాప్‌టాప్ లోపలే ఉన్నా బ్లూటూత్ చిప్ సాధారణంగా యూఎస్‌బీ దారిలోనే మాట్లాడుతుంది. దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ చాలాసార్లు చిప్‌లో శాశ్వతంగా ఉండదు. కంప్యూటర్ మొదలైనప్పుడు డిస్కు మీద నుంచి తెచ్చి అందులో నింపుతుంది. నిద్రలో కరెంటు తెగితే ఫర్మ్‌వేర్ ఎగిరిపోతుంది. లేచాక మళ్లీ నింపాలంటే డిస్కు చదవాలి, ఆ డిస్కే ఇంకా లేవకపోతే? అందుకే లినక్స్ పడుకోబోయే ముందే కావాల్సిన ఫర్మ్‌వేర్‌ను ర్యామ్‌లో దాచిపెట్టుకుంటుంది. రేపటి పాలకు ఈ రాత్రే తోడు తీసిపెట్టుకున్నట్టు.

పరికరాలను లేపే వరుస కూడా ముఖ్యమే. పడుకునేటప్పుడు పిల్లలు ముందు, పెద్దలు తర్వాత: మౌస్, ఆపై హబ్, ఆపై కంట్రోలర్. లేచేటప్పుడు దీనికి తలకిందులు. కంట్రోలర్ లేవకుండా హబ్‌ను లేపే వీల్లేదు. ఒక్క మౌస్ కాకుండా హబ్‌కు ఉన్నవన్నీ ఒకేసారి మూగబోతే అనుమానం మౌస్ మీద కాక హబ్ మీద పెట్టాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

దీపం వెలుగుతోంది, పని జరగడం లేదు

వేలిముద్ర యంత్రం దగ్గర తరచూ జరిగేది ఇదీ. పరికరం లేచింది. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని గుర్తించింది కూడా. అయినా పని జరగదు. ఎందుకంటే మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. ఆధార్ ధ్రువీకరణకు వాడే యంత్రాలు రిజిస్టర్డ్ డివైస్ పద్ధతిలో ఉండాలని ఆధార్ సంస్థ 2017లో నిబంధన తెచ్చింది. దాని ప్రకారం వేలిముద్ర తీసుకుని, దాన్ని గుప్తంగా మార్చి, యంత్రం తరఫున సంతకం చేసి పంపే ఒక సర్వీసు కంప్యూటర్‌లో నిరంతరం నడుస్తుంటుంది. నిద్రకు ముందు ఆ సర్వీసు పట్టుకున్నది పాత పరిచయాన్ని. నిద్ర తర్వాత పరికరం కొత్త పరిచయంతో వస్తే, సర్వీసు ఇంకా తెగిపోయిన పాత తాడునే లాగుతూ ఉంటుంది. అప్పుడు కంప్యూటర్ మొత్తాన్ని రీస్టార్ట్ చేయనక్కర్లేదు. ఆ ఒక్క సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెడితే సరిపోవచ్చు. మీసేవ కేంద్రంలో పింఛను కోసం వేలు పెట్టిన వృద్ధురాలికి ఈ తేడా తెలియదు. తన వేలిముద్రే అరిగిపోయిందేమోనని చీర చెంగుతో వేలు తుడుచుకుంటుంది.

డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ కథ కొంచెం వేరు. తహశీల్దారు కుల, ఆదాయ ధ్రువపత్రాల మీద పెట్టే డిజిటల్ సంతకానికి కావాల్సిన రహస్య తాళం ఆ డాంగిల్‌లోని చిప్‌లో ఉంటుంది. పిన్ కొడితేనే చిప్ ఆ తాళాన్ని వాడనిస్తుంది. నిద్రలో కరెంటు తెగితే, పిన్ కొట్టిన సంగతిని చిప్ మరిచిపోతుంది. లేవగానే మళ్లీ అడుగుతుంది. చాలామంది దీన్ని కూడా లోపమే అనుకుంటారు. నిజానికి ఇక్కడ మరిచిపోవడమే మంచిది. అధికారి భోజనానికి వెళ్లిన గంటలో ఇంకెవరో మీట నొక్కి సంతకం పెట్టేయకుండా అడ్డుపడేది ఆ మరుపే.

స్లీప్ ఆపేయాలా?

ఈ గొడవలన్నిటికీ చాలా చోట్ల దొరికే సలహా ఒక్కటే: కంప్యూటర్‌ను అసలు పడుకోనివ్వకండి. పని జరుగుతుంది, నిజమే. లెక్క కూడా చూద్దాం. ఊరికే కూర్చున్న డెస్క్‌టాప్ 50 వాట్లు, నిద్రలో 3 వాట్లు తీసుకుంటుందని అనుకుందాం. సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం దాకా 16 గంటలకు తేడా దాదాపు ముప్పావు యూనిట్. వెయ్యి కంప్యూటర్లున్న భవనానికి రాత్రికి 750 యూనిట్లు. ఏడాదికి 250 పనిదినాలైతే 1,87,500 యూనిట్లు. ఒక మౌస్ మీద కోపానికి ఇది పెద్ద జరిమానే.

అంతకంటే చిన్న ఉపాయాలు ముందు ప్రయత్నించవచ్చు. విండోస్ కంప్యూటర్లలో డివైస్ మేనేజర్ తెరిచి, ఆ యూఎస్‌బీ హబ్ వివరాల్లో పవర్ మేనేజ్‌మెంట్ అనే చోట, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న గడిలో టిక్కు ఉంటుంది. దాన్ని తీసేస్తే కంప్యూటర్ మెలకువగా ఉండగానే పరికరాన్ని విడిగా పడుకోబెట్టడం ఆగుతుంది. పవర్ ఆప్షన్లలోని యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా అలాంటిదే. లినక్స్‌లోనూ ఒక్కో పరికరానికి విడివిడిగా ఈ ఏర్పాటు ఉంది. ఇలా చేస్తే పోయే కరెంటు మొత్తం స్లీప్ మానేస్తే పోయేదానితో పోలిస్తే నామమాత్రం. వేలిముద్ర యంత్రాన్ని, డాంగిల్‌ను హబ్‌కు కాకుండా కంప్యూటర్ వెనక ఉండే పోర్టుకే నేరుగా పెట్టడం, హబ్ తప్పనిసరైతే సొంత అడాప్టర్ ఉన్నది కొనడం కూడా బాగా పనిచేస్తాయి. ఊడదీసి పెట్టేటప్పుడు అదే పోర్టులో పెట్టడం మేలు. సీరియల్ నంబరు లేని పరికరాన్ని విండోస్ పోర్టును బట్టే గుర్తుపెట్టుకుంటుంది. పోర్టు మారితే అది దాని దృష్టిలో కొత్త పరికరం.

షట్‌డౌన్, రీస్టార్ట్ ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే సిస్టమ్ లోపలి భాగం హైబర్నేట్ అవుతుంది, డ్రైవర్లు ఉన్న స్థితితో సహా. మర్నాడు ఉదయం అదే పాత చిక్కుతో లేస్తుంది. రీస్టార్ట్ మాత్రం అన్నిటినీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. రాత్రి షట్‌డౌన్ చేసినా పోని సమస్య పొద్దున రీస్టార్ట్‌తో పోవడానికి కారణం ఇదే.

కరెంటు కోతలున్న ఊళ్లలో డెస్క్‌టాప్‌ను స్లీప్‌లో వదిలి వెళ్లడం కంటే హైబర్నేట్ చేయడం నయం. స్లీప్‌లో ఉండగా కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే ర్యామ్‌లోని పని అంతా పోతుంది. హైబర్నేట్‌లో అది డిస్కు మీద ఉంటుంది. అయితే ఏ నిద్రకైనా ముందు బయటి డిస్కులను, పెన్ డ్రైవ్‌లను ఎజెక్ట్ చేసి తీసేయాలి.

ఇంత చేసినా ఒకే రకం పరికరం ప్రతిసారీ మొరాయిస్తుంటే, దాని తయారీదారు నంబరు, రకం నంబరు రాసిపెట్టుకోవాలి. ఒక్కోటి నాలుగేసి అక్షరాలుంటాయి. డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ దగ్గర కనిపిస్తాయి. తయారీ సంస్థకు రాసే ఫిర్యాదులో పరికరం పనిచేయడం లేదు అన్న వాక్యం కంటే ఆ ఎనిమిది అక్షరాలు, నిద్ర ఏ రకమో, ఎంతసేపో రాస్తే ఎక్కువ ఉపయోగం. లినక్స్ వాడేవారు కెర్నెల్ యూఎస్‌బీ విభాగానికి అవే వివరాలు పంపవచ్చు. సమస్య రుజువైతే పట్టికలో ఇంకో వరుస చేరుతుంది. తర్వాతి విడుదల వాడే వారందరి దగ్గరా ఆ రకం పరికరాన్ని కంప్యూటర్ లేవగానే రీసెట్ చేసి లేపుతుంది.